రెండు చేతుల అప్పగింత

ఏడో మట్టం. నెలలు నిండని పిల్లల వార్డు.
చిట్టా రాస్తున్నది: దుర్గం సుమేధ.

1వ రోజు. మొదటి షిఫ్టు.

ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. కడుపులో ఉన్నది ఇరవై నాలుగు వారాలు. బరువు ఆరు వందల పది గ్రాములు. చర్మం తడిసిన కాగితంలా ఉంది, కింద నెత్తుటి దారులు కనిపిస్తున్నాయి. పాదం నా బొటనవేలంత. ఏడవలేదు. నోరు తెరిచి మూసింది, ఏడుపుకు ఊపిరి చాలలేదు.

తల్లి పేరు లాస్య. ఆరో మట్టంలో పుట్టగొడుగుల మడుల దగ్గర పని. మడులు తడుపుతుంటేనే నొప్పులు వచ్చాయట. చెప్పులకు ఇంకా ఆ మట్టి ఉంది.

పిల్లను అద్దాల పెట్టెలో ఉంచి, ఊపిరి గొట్టం అమర్చి, తలకు కాంతి టోపీ తొడిగాం. ఆ టోపీ పుర్రెలోకి ఎర్రటి వెలుగు పంపి, మెదడుకు నెత్తురు ఎంత అందుతోందో క్షణక్షణం తెర మీద గీత గీస్తుంది. గీత నిలకడగా ఉంటే మంచిది. ఎగిరిపడితే ఈ వయసు మెదడులోని సన్నటి నాళాలు తట్టుకోలేవు.

లాస్యను చక్రాల కుర్చీలో తెచ్చారు. ఇక్కడికి వచ్చే తల్లులు మొదట అడిగేది పిల్ల బతుకుతుందా అని. ఈమె అడగలేదు.

“మీరు బతికిస్తరు, గది నాకెర్కే. మా వదినె బిడ్డను గూడ మీరే బతికిచ్చిండ్రు. గాని దానికి ఆరేండ్లొచ్చినా నడుస్తలేదు, అమ్మ అంటలేదు. నా బిడ్డ నడుస్తదా? మాట్లాడ్తదా? గది చెప్పుండ్రి.”

వార్డు పెద్ద కొమురక్క ఆమె భుజం మీద చేయి వేసింది. “గీ వారం దాటనియ్యి బిడ్డా. వారం దాటినంక మాట్లాడుకుందాం.”

లాస్య ప్రశ్నకు జవాబు నా దగ్గర అంకెల్లో ఉంది. వార్డు పెట్టి ఎనిమిదేళ్ళు. ఇరవై ఆరు వారాలకు ముందే పుట్టి ఇక్కడికి వచ్చినవాళ్ళు ఇరవై ఒక్కరు. పంతొమ్మిది మంది బతికారు. పైన నేల మీది పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఇంత మంచి లెక్క లేదు. గోడ మీద పంతొమ్మిది అని జానెడెత్తున రాసి పెట్టుకున్నాం. ఆ పంతొమ్మిది మందిలో తొమ్మిది మందికి పుట్టిన వారంలోనే తలలో నెత్తురు చిమ్మింది; నడకా మాటా దెబ్బతినేది దానివల్లే. ఆ తొమ్మిది గోడ మీద లేదు.

1వ రోజు. రెండో షిఫ్టు.

మూడు గంటలకు షిఫ్టు అప్పగింత జరిగింది. మా వార్డుకు పేరు తెచ్చింది ఈ అప్పగింతే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఈ సొరంగాలు ఊరు కాకముందు బొగ్గు బాయి. పైన ఎండలు మనుషులను ఉండనివ్వని కాలం వచ్చాక జనం కిందికి దిగారు కానీ, బాయి పద్ధతులు బాయిలోనే ఉండిపోయాయి. ఆ రోజుల్లో షిఫ్టు మారేటప్పుడు, కొత్తగా దిగిన సర్దారు, అంటే ముఠా పెద్ద, పైకెక్కే సర్దారు మాట నమ్మేవాడు కాదు. కప్పును తానే కర్రతో తట్టి చూసుకున్నాకే మనుషులను లోపలికి పంపేవాడు. కొమురక్క తాత అలాంటి సర్దారు. అదే పద్ధతిని ఆమె వార్డుకు తెచ్చింది. వెళ్ళే నర్సు బిడ్డకు గుడ్డ మార్చి, శుభ్రం చేసి, రెండు చేతులతో చూపించాలి. వచ్చే నర్సు తన రెండు చేతులతో మళ్ళీ మొదటి నుంచి అన్నీ చూసుకోవాలి, గుడ్డ విప్పి మరీ. తర్వాతే సంతకం. ఒళ్ళు చల్లబడిన పిల్ల గానీ, గొట్టం జారిన పిల్ల గానీ ఈ చేతులను దాటిపోలేదు.

కొమురక్క చేతులను చూస్తూ నిలబడిపోయాను. రెండు చీలమండలను ఒక్క చూపుడువేలితో, బొటనవేలితో పట్టి పైకెత్తి, కింద గుడ్డ లాగి కొత్తది పెట్టడం రెప్పపాటులో అయిపోయింది.

“ఏం జూస్తున్నవే లెక్కల పంతులమ్మా? రాయి, రాయి. మంచిగ రాయి.”

నేను చదివింది గణాంక శాస్త్రం, అందుకే ఆ పిలుపు. వార్డు లెక్కలు రాసే ఈ పని రెండేళ్ళలో నాలుగో ఉద్యోగం. పైన వాతావరణ కేంద్రానికి బదిలీ కోరుతూ అర్జీ పెట్టి నెలయింది. కొమురక్కకు ఆ సంగతి తెలుసు.

2వ రోజు. మొదటి షిఫ్టు.

స్కాన్‌లో రెండు సంగతులు బయటపడ్డాయి. గుండె పక్కన రెండు పెద్ద ధమనులను కలిపే చిన్న నాళం తెరుచుకునే ఉంది. మెదడులో కుడివైపు జొన్నగింజంత నెత్తుటి మరక ఉంది.

పైనున్న ఆసుపత్రి నుంచి డాక్టర్ ఫరీద్ తెర మీదికి వచ్చి లాస్యతో మాట్లాడారు. “కడుపులో ఉన్నప్పుడు ఆ నాళం ఉండాల్సిందేనమ్మా. పుట్టాక మూసుకోవాలి. ఇంత ముందుగా పుట్టినవాళ్ళకు తొందరగా మూసుకోదు. మెదడుకు పోవాల్సిన రక్తం కొంత దాంట్లోంచి ఊపిరితిత్తుల్లోకి మళ్ళిపోతుంది.”

లాస్య మొహంలో ఏమీ కదల్లేదు. కొమురక్క ముందుకు వచ్చింది. “గోడ కట్టని పాత గ్యాలరీ సొరంగం లెక్క బిడ్డా. పంకా కొట్టిన గాలి అడ్డంబడి అటే మర్లిపోతది. ముంగట పని జేసెటోళ్ళకు అందది.”

“అగో, గట్లనా,” అంది లాస్య వెంటనే. “మరి గోడ కట్టుండ్రి.”

గోడ కట్టాలంటే పైకి తీసుకెళ్ళాలి. అక్కడ సన్నటి తీగతో నాళానికి బిరడా వేస్తారు. పైన ఈ వారం నలభై తొమ్మిది డిగ్రీలు, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా బాయి మూత తీయరు. తీశాక బాయి లిఫ్టు కేజ్‌లో ఎనిమిది నిమిషాలు, ఇనుప తాడు ప్రతి మట్టం దగ్గరా ఒక కుదుపు ఇస్తుంది. తర్వాత బండిలో గంటన్నర. పోయిన ఏడు ఒక పిల్లను అలా పంపాం. ప్రాణంతోనే చేరింది. మరక మాత్రం దారిలో మూడింతలయింది.

“పంపినా భయమే, పంపకున్నా భయమే,” అన్నారు డాక్టర్ ఫరీద్ నెమ్మదిగా. “ఎల్లుండి సాయంత్రం మళ్ళీ స్కాన్ తీయండి. మరక అంతే ఉంటే ఆలోచిద్దాం. పెరిగితే మాత్రం నేనే మనుషులను దింపి పిల్లను పైకి తెప్పిస్తాను. కింద ఉంచి పెరగనివ్వలేను.”

లాస్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాకు రెండున్నర రోజుల గడువు ఉంది.

3వ రోజు. మొదటి షిఫ్టు.

పొద్దుటి నుంచి నన్ను ఒకటే విషయం తొలుస్తోంది. కాంతి టోపీ గీత చక్కగా ఉంది. అరవై ఎనిమిది దగ్గర, చెరువు నీళ్ళలా. డాక్టర్ గారికి పైకి వెళ్ళే గీత కూడా ఇదే. నాళం తెరిచి ఉన్నా పిల్ల ఎలాగో నెట్టుకొస్తోంది. గీత ఇంత బాగుంటే మరి మరక ఎక్కడి నుంచి వచ్చింది?

గీతను పెద్దది చేసి నిమిషం నిమిషం చూశాను. రోజుకు మూడు చోట్ల అది మరీ బాగుంది. స్కేలు పెట్టి గీసినట్టుంది. బతికున్న మనిషి నెత్తురు అలా గీయదు. ఆ మూడూ పన్నెండు, పదిహేను నిమిషాల ముక్కలు. ఏడు గంటలకు ఒకటి, మూడింటికి ఒకటి, పదకొండుకు ఒకటి.

అవి అప్పగింత వేళలు.

పెట్టె పక్కన ‘చేయి పెట్టాం’ అని ఒక మీట ఉంటుంది. బిడ్డను ముట్టుకునే ముందు దాన్ని నొక్కుతాం. చేయి తగిలితే టోపీ కదిలి తప్పుడు అంకెలు వస్తాయని, ఆ కాసేపటి అంకెలను యంత్రం పక్కన పడేసి, అటు కొసనూ ఇటు కొసనూ కలుపుతూ తానే ఒక గీత గీసేస్తుంది. ఎనిమిదేళ్ళుగా అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. వచ్చిన మొదటి రోజే నేర్పారు, నేను తలూపాను.

పడేసిన అంకెలు ఏడు రోజులు ఉంటాయి. వాటిని బయటికి తీశాను.

పుట్టినప్పటి నుంచి ఆరు అప్పగింతలు. ఒక్కో అప్పగింతలో వెళ్ళే నర్సు ఒకసారి, వచ్చే నర్సు ఒకసారి, మొత్తం పన్నెండు సార్లు పిల్ల కాళ్ళు లేచాయి. పన్నెండు సార్లూ గీత నాలుగు క్షణాల్లో అరవై ఎనిమిది నుంచి తొంభై దాటింది. కాళ్ళు దించగానే యాభై కిందికి పడింది. మళ్ళీ కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు. టోపీ కదిలి వచ్చిన తప్పులైతే ఒక్కోటి ఒక్కోలా ఉండాలి. ఈ పన్నెండూ ఒకే చేతి రాతలా ఉన్నాయి.

ఆరు వందల గ్రాముల ఒంట్లో కాళ్ళలో ఉండే నెత్తురు తక్కువేమీ కాదు. కాళ్ళు లేపితే అదంతా తలలోకి దొర్లుతోంది. అసలే అడ్డదారి తెరుచుకున్న పిల్ల. రోజుకు మూడు పూటలా, ఒక్కో పూట రెండేసి సార్లు, అందరికన్నా జాగ్రత్త గల చేతులతో మేమే దొర్లిస్తున్నాం.

వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాను. ఎందుకో తెలియదు.

3వ రోజు. రెండో షిఫ్టు.

రెండున్నరకు టీ గదిలో కొమురక్క ముందు కాగితం పెట్టాను. చెప్పడం పూర్తయ్యేదాకా ఆమె గ్లాసు కింద పెట్టలేదు.

“నా అప్పగింతల తప్పు వెడ్తున్నవా?”

“నీ చేతుల్ల తప్పు లేదక్కా. కాళ్ళు లేపుడుల ఉంది.”

“కాళ్ళు లేపకుంట గుడ్డెట్ల మారుస్తరే? నీ డిగ్రీల జెప్పిండ్రా?” గొంతు లేచింది. “ముప్పై ఏండ్లు. ఎంతమందిని ఎత్తిన్నో నాకే లెక్క లేదు. ఒక్కలకు ఒక్క గొట్టం జారనియ్యలే. నువ్వు మొన్నొచ్చినవ్, వచ్చే నెల పైకి పోతవ్. పోయెటామె మాటలు నాకెందుకు?”

నాకు మంట పుట్టింది. “పోతనో ఉంటనో తర్వాత సంగతి. మూడింటికి మీట నొక్కకుంట జెయ్యి. తెర దిక్కు జూడు. నేను చెప్పింది తప్పయితే ఈ కాగితం నీ ముంగటనే చింపేస్త.”

మూడు గంటలయింది. రెండో షిఫ్టు నర్సు రాజలింగు చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. కొమురక్క మీట ముట్టుకోలేదు. పెట్టె కిటికీలోంచి చేతులు పెట్టి చీలమండలు పట్టుకుంది, కళ్ళు తెర మీద పెట్టి ఎత్తడం మొదలుపెట్టింది.

రెండంగుళాలు కూడా లేవలేదు. గీత డెబ్బై ఐదు చూపించింది, ఎనభై చూపించింది. కొమురక్క సగంలోనే ఆపి, పాదాలను వీలైనంత మెల్లగా కిందికి దించింది. గీత దిగింది, ఇంకా దిగింది. అది తిరిగి అరవై ఎనిమిదికి వచ్చేదాకా ముగ్గురమూ తెరనే చూస్తూ నిలబడ్డాం.

ఆమె చేతులు బయటికి తీసింది.

“మునుపటోళ్ళకు గూడ గిట్లనేనా?”

“ఏడు దినాలు దాటిన అంకెలు యంత్రం ఉంచదక్కా. చెప్పలేం.”

“చెప్పలేం,” అంది ఆమె. “లాస్య వదినె బిడ్డను ఫస్ట్ షిఫ్టుల అప్పగించింది నేనే.”

నేను కాగితం మడిచి పక్కన పెట్టాను.

రాజలింగు గొంతు సవరించుకున్నాడు. “గిప్పుడు నన్నేం జెయ్యమంటరు? చేయి వెట్టకుంట నేను చార్జి దీస్కోను అక్కా. నువ్వే నేర్పినవ్. కప్పు తట్టకుంట గ్యాలరీల అడుగువెట్టినట్టే. రేపేమన్నయితే జిమ్మేదారెవలు? చేతులు వాడొద్దంటే నన్నెందుకు వెట్టుకున్నరు, టీవీ వెట్టుకోండ్రి.”

కొమురక్క నా ముందున్న చిట్టా లాక్కుంది. నా కలంతోనే రాసింది. ఆ వాక్యం కిందటి పేజీలో ఆమె అక్షరాల్లోనే ఉంది: ‘ఈ బిడ్డ అప్పగింతలు అన్ని షిఫ్టులవి నా జిమ్మేదారి. కొమురమ్మ.’

ఆమె పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలే ఉంది. ముప్పై ఏళ్ళలో ఆమె పేరు మీద ఒక్క మచ్చ లేదు. చేయి తగలని అప్పగింతలో ఈ పిల్లకు ఏమైనా జరిగితే మిగిలేది ఆ ఒక్క మచ్చే. రాజలింగుకు అది అర్థమైంది. సంతకం చేశాడు.

కూర్చుని కొత్త పద్ధతి తయారుచేశాం. అప్పగింత వేళ పిల్లను ఎవరూ ముట్టుకోరు. వచ్చే నర్సు అద్దం ముందు కూర్చుని నూరు ఊపిరులు లెక్కపెట్టాలి. రంగు, డొక్కలు, పొట్ట, గొట్టాలు, చూసినదంతా పైకి చెప్పాలి, వెళ్ళే నర్సు అవునో కాదో చెప్పాలి. గుడ్డ మార్చడం షిఫ్టు మధ్యలో ఒక్కసారే, పిల్ల మెలకువగా ఉన్నప్పుడు. ఒకరు తలనూ ఒంటినీ ఒకే వరుసలో పట్టుకుని కొంచెం పక్కకు తిప్పాలి, ఇంకొకరు గుడ్డ జరపాలి. కాళ్ళు పరుపును వదలకూడదు. మీట నొక్కకూడదు.

రాజలింగు కూర్చుని లెక్కపెట్టాడు. నలభై దగ్గర తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

4వ రోజు. రెండో షిఫ్టు.

సాయంత్రం ఐదింటికి స్కాన్. లాస్య నడిచే వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది, కుర్చీ వద్దంది.

మరక అంతే ఉంది. జొన్నగింజంతే.

డాక్టర్ ఫరీద్‌కు పన్నెండు శిఖరాల కాగితం ముందే పంపాను. తెర మీద ఆయన దాన్ని రెండుసార్లు తిరగేయడం కనిపించింది.

“ఈ అంకెలు నాకెందుకు రాలేదు?”

“యంత్రం పక్కన పడేసింది సార్. మేమే పడేయమన్నాం.”

“మా దగ్గరా అదే యంత్రం,” అన్నారాయన. తర్వాత లాస్య వైపు తిరిగి, “ఇవాళ కదపనమ్మా. నాళం ఇంకా తెరిచే ఉంది, అది మరిచిపోవద్దు. కానీ మెదడుకు వెళ్ళే ప్రవాహం నిలకడగా ఉంటే నాళానికి సమయం ఇవ్వొచ్చు. దానంతటదే మూసుకుంటుందేమో చూద్దాం,” అన్నారు.

లాస్య అప్పుడు కూర్చుంది.

8వ రోజు. మొదటి షిఫ్టు.

గీతలో అతుకులు లేవు. నిజమైన గీత, చిన్న చిన్న వంకరలతో. నాకు ఆ వంకరలు చూస్తుంటే ముద్దొస్తోంది. మరక పెరగలేదు. అంచులు పలచబడ్డాయి కూడా.

రాజలింగు మరీ మారిపోయాడు. నేల తుడిచే బకెట్ చప్పుడైతే చాలు, పెదాల మీద వేలు పెట్టి ఉరిమి చూస్తున్నాడు. నిన్న కొమురక్క తుమ్మితే బయటికి పొమ్మన్నాడట. “నా వార్డుల నన్నే ఎల్లగొట్టిండు సూడే,” అని ఆమె నాతో ఫిర్యాదు చేసింది. మొహం నిండా సంతోషం.

21వ రోజు. మొదటి షిఫ్టు.

పేరు పెట్టారు. మైసి. బాయిని కాచే దేవత మైసమ్మ పేరు. ముత్తవ్వల కాలం నాటి పేరు ఇప్పుడు ఎవరు పెడుతున్నారని నేనంటే, “అందుకే వెట్టిన, బళ్ళె ఇంకో మైసి ఉండొద్దు,” అంది లాస్య. చెవిలో చెప్పే వీలు లేదు. అద్దానికి నోరు ఆనించి మూడుసార్లు పిలిచింది.

బిడ్డ బడికి వెళ్ళే మాట ఆమె నోట మొదటిసారి విన్నాను. గమనించి పెట్టుకున్నాను.

బదిలీ ఉత్తర్వు వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీకు. సొరుగులో పెట్టాను.

46వ రోజు. రెండో షిఫ్టు.

నాళం మూసుకుంది. తీగ లేదు, బిరడా లేదు, కేజ్ లేదు. పోయిన వారం నుంచి సన్నబడుతూ వచ్చింది. ఇవాళ స్కాన్‌లో నెత్తురు దారి చూపే రంగు ఎక్కడా అటు మళ్ళలేదు. కొమురక్క తన పాత స్టెతస్కోపు పెట్టి పిల్ల రొమ్ము మీద విన్నది. ఇన్నాళ్ళూ ఆ నాళంలోంచి వినిపించిన బుసబుస శబ్దం పోయిందట. నన్నూ వినమంది. రెండు చప్పుళ్ళు, శుభ్రంగా, ఒకదాని వెనుక ఒకటి.

“గోడ లేసింది,” అని లాస్యకు కబురు పంపింది.

డాక్టర్ ఫరీద్ మా పద్ధతిని రాసి పంపమన్నారు. పైన ఆరు ఆసుపత్రులలో మొదలుపెడతారట. ఆరు! ఏడో మట్టం నుంచి బొగ్గు తప్ప ఇంకేదైనా పైకి వెళ్ళి పదిమందికి పనికొచ్చిందా ఎప్పుడైనా? సిగ్గు లేకుండా రాస్తున్నాను, నా ఒళ్ళంతా గర్వంగా ఉంది.

నేను రాస్తుంటే కొమురక్క పక్కన కూర్చుని చెప్పింది. అంతా అయ్యాక, “మొదటి లైనుకు మీద ఇంకో లైను రాయి,” అంది.

“ఏమని?”

“ఎనిమిదేండ్లు మేమే కాళ్ళు లేపినం అని.”

“అది అవసరమా అక్కా? పద్ధతి రాస్తే సరిపోతది గదా.”

“మాకు చేతకాక జెయ్యలే, బాగ చేతనయితదని జేసినం. వాళ్ళు గూడ గట్లనే జేస్తుంటరు. గది రాయకుంటె వాళ్ళు చదువరు, మాకెర్కే తియ్యి అంటరు.”

రాశాను. కింద ఆమె సంతకం, రాజలింగు సంతకం, నాది. తర్వాత ఆమె స్టూలెక్కి గోడ మీది పంతొమ్మిది పక్కన, అంతే ఎత్తున, తొమ్మిది అని కూడా రాసింది.

బదిలీ వద్దని ఈ సాయంత్రం జవాబు రాశాను. అర్జీ పెట్టడానికి మూడు పేజీలు పట్టింది, వద్దనడానికి ఒక వాక్యం.

121వ రోజు. మొదటి షిఫ్టు.

మైసి ఇంటికి వెళ్ళింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ఎడమకాలు కొంచెం బిగుసుకుని ఉంటోంది, మరక కుడివైపు కదా. లాస్యకు దాచకుండా చెప్పాం. రోజూ కాలు సాగదీయడం నేర్పాం. ఆమె రెండుసార్లు చేసి చూపించి, మూడోసారి నాతో చేయించి, నేను సరిగా చేస్తున్నానో లేదో చూసింది.

రెండేళ్ళ నాలుగు నెలలు. మొదటి షిఫ్టు.

పుట్టాల్సిన తేదీ నుంచి లెక్క వేస్తే ఈ వారానికి మైసికి సరిగ్గా రెండేళ్ళు. ఈ వయసులోనే పరీక్ష చేస్తారు. తల ఎంత పనిచేస్తోంది, కాళ్ళు ఎంత, మాట ఎంత అని. తెర మీద చేయొచ్చు కానీ, డాక్టర్ ఫరీద్ చలికాలం చూసుకుని తానే కిందికి దిగారు. ఇన్నేళ్ళలో ఆయన ఏడో మట్టానికి రావడం ఇదే మొదలు. ఊహించుకున్న దానికన్నా పొట్టి మనిషి. కేజ్ దిగాక కాసేపు గోడ పట్టుకునే నిలబడ్డారు.

విరమణ అయిన కొమురక్క కూడా వచ్చింది. లోపలికి రానంది. తలుపు బయట బల్ల మీద కూర్చుంది.

మైసి ఎడమకాలికి ఊత పట్టీ కట్టుకుని నడిచి వచ్చింది. ఎడమ మడమ నేలకు పూర్తిగా ఆనదు, మునివేళ్ళ మీద కొంచెం ఎగురుతున్నట్టు నడుస్తుంది. కానీ నడుస్తుంది, ఎవరి చేయీ పట్టుకోకుండా. డాక్టర్ గారు గది చివరికి బంతి దొర్లించారు, వెళ్ళి తెచ్చింది. ఇవ్వలేదు, తన దగ్గరే పెట్టుకుంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. కాలి దగ్గర కొంచెం ఆలస్యం అని చెప్పారు. లాస్య తల ఊపింది. అది ఆమెకు తెలియని సంగతి కాదు.

మాటల దగ్గర ఇబ్బంది వచ్చింది. బొమ్మలు చూపించి అడిగితే మైసి వేలితో చూపిస్తోంది, నోరు మాత్రం తెరవడం లేదు. కొత్త మనిషి, కొత్త గొంతు. కుక్క ఏది అంటే చూపించింది. గిన్నె ఏది అంటే చూపించింది. ఇదేంటి అంటే పెదాలు బిగించింది.

“ఇంట్ల నోరు మూయది సార్,” అంది లాస్య. “నిన్న మా అత్తను పట్టుకుని లొల్లి వెట్టింది.”

“నేను విన్నదే రాయాలమ్మా. రెండు మూడు మాటలు కలిపి ఒక సంగతి చెబితే చాలు.” ఆ గడి ఖాళీగా వదిలేసి తర్వాతిదానికి వెళ్ళారు.

తర్వాతిది చెక్క దిమ్మలు. ఆరు దిమ్మలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టాలి. మైసి ముందు పోశారు. ఆమె వాటిని చూసి, రెండు దిమ్మలు పక్కపక్కన పెట్టింది, కొంచెం ఎడంగా. వాటి మీద అడ్డంగా ఇంకో రెండు. మళ్ళీ వాటి మీద అడ్డంగా చివరి రెండు. అరచేత్తో పైన నొక్కి చూసింది.

అది మాకు కొత్త కాదు. ఇక్కడ ప్రతి గల్లీలో కప్పు కింద మొద్దులను ఇలాగే ఒక జత నిలువు, ఒక జత అడ్డం పేర్చి పెడతారు. చాక్ అంటాం. కప్పు బరువంతా మోసేది అదే. పైనుంచి వచ్చిన డాక్టర్ గారికి మాత్రం అది ఆరు దిమ్మల ఎత్తు కాదు, మూడే.

“ఇలా కాదు తల్లీ, ఇలా చూడు,” అని ఆయన దిమ్మలు తీసుకుని ఒకదాని మీద ఒకటి, సన్నగా, ఆరూ నిలబెట్టారు. కొంచెం ఊగుతోంది.

మైసి ఆ ఎత్తును కింది నుంచి పైదాకా చూసింది. డాక్టర్ గారి మొహం చూసింది. మళ్ళీ దిమ్మలను చూసింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. చేయి చాచి ఆయన మణికట్టు పట్టుకుని పక్కకు జరిపింది.

“గట్ల వద్దు. పడ్తది.”

తలుపు బయట బల్ల కిర్రుమంది.

డాక్టర్ గారు ఆ మాట వినగానే కలం అందుకోలేదు, దిమ్మల వైపే చూస్తున్నారు. లాస్య ముందుకు వంగింది. ఆమె గొంతులో బతిమాలడం లేదు.

“సార్. గట్ల, వద్దు, పడ్తది. మూడు మాటలు. లెక్కవెట్టుకోండ్రి.”

డాక్టర్ ఫరీద్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. కాగితం వెనక్కి తిప్పి, ఖాళీగా వదిలేసిన గడి వెతికి, టిక్కు పెట్టారు.